టేపు నల్లబడితే సరిపోదు

ఆసుపత్రిలో ఆపరేషన్ పరికరాలను క్రిమిరహితం చేసే విభాగం సీఎస్‌ఎస్‌డీలో చేరిన కొత్తలో, పరికరాలు చుట్టిన ప్యాక్ మీది టేపుకు నల్ల చారలొస్తే పనైపోయిందనుకునేదాన్ని. నిజానికి ఆ చారలు చెప్పేది ఒక్కటే: ప్యాక్ ఆటోక్లేవ్‌లోకి, అంటే ఒత్తిడి పెట్టిన ఆవిరితో క్రిములను చంపే మెషీన్‌లోకి, వెళ్లొచ్చింది. లోపలి కత్తెర దాకా ఆవిరి చేరిందా లేదా అన్నది టేపుకు తెలియదు. ఐఎస్‌ఓ 11140 అనే అంతర్జాతీయ స్టాండర్డ్ ఇలా రంగు మారి సంగతి చెప్పే కెమికల్ ఇండికేటర్లను 6 రకాలుగా విడదీసింది, టేపు మొదటి రకం. అందుకే ప్యాక్ లోపల, ఆవిరి చేరడం కష్టమయ్యే చోట, ఇంకో ఇండికేటర్ పెట్టండి.

స్టాండర్డ్ ఏం చేయాలో చెబుతుంది. ఎవరు, ఎప్పుడు చేయాలి, తేడా వస్తే ఎవరికి చెప్పాలి అన్నది మీ విభాగం రాసుకున్న పాలసీలో ఉండాలి. నేను పాలసీ రాసేటప్పుడు ముందు తయారీదారు సూచనల కాగితం తెరుస్తాను. ఏ పరికరాన్ని ఎలా విప్పాలి, ఏ సైకిల్‌లో పెట్టాలి అన్నవి అందులోనే ఉంటాయి. కడగడం గురించి ఒక్క మాట: కీళ్లు తెరిచి, బ్రష్ నీళ్ల లోపలే ఆడించండి, తుంపర మొహాన పడదు. రక్తం మరక మిగిలితే ఎంత ఆవిరి పట్టినా వృథా.

లోపలి గాలిని పంపుతో లాగేసే వ్యాక్యూమ్ ఆటోక్లేవ్ అయితే రోజూ మొదటి లోడ్‌కు (ఒక విడతలో మెషీన్‌లో పెట్టే ప్యాకులకు) ముందే బౌవీ-డిక్ టెస్ట్. ఖాళీ చాంబర్, 134 డిగ్రీలు, సాధారణంగా మూడున్నర నిమిషాలు. గాలి పూర్తిగా బయటికి పోతోందా అని చూసేది ఇదే. క్రిములు చచ్చాయా అని చూడటానికి బయలాజికల్ ఇండికేటర్ వేరే ఉంది. అందులో జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ అనే బ్యాక్టీరియా స్పోర్లు (గట్టి పెంకు కట్టుకున్న రూపం) ఉంటాయి, మహా మొండివి. ఇంప్లాంట్లున్న ప్రతి లోడ్‌లో అది పెట్టి, ఫలితం వచ్చాకే విడుదల చేయాలి.

ఇక తడి ప్యాక్. ఓసారి థియేటర్‌లో సర్జన్ ఎదురుచూస్తున్నారు, ప్యాక్ అడుగు చెమ్మగా ఉంది. "కొంచెం తడే కదమ్మా" అన్నారు. తడి గుడ్డ గుండా క్రిములు లోపలికి పోతాయి సార్ అని చెప్పి, పాలసీలో ఆ పేజీ చూపించాను. దాని మీద ఆయన సంతకమే ఉంది! ప్యాక్ వెనక్కి వచ్చింది. మళ్లీ విప్పి, కొత్త గుడ్డ చుట్టి, మొత్తం సైకిల్ నడిపాం. పాలసీ రాసేటప్పుడు సర్జన్లతో కూడా సంతకం చేయించుకోమని చెప్పేది ఇందుకే.

లేబుల్ మీద మెషీన్ నంబరు, లోడ్ నంబరు, తేదీ తప్పకుండా రాయండి. బయలాజికల్ టెస్ట్ ఫెయిలైతే, అంతకుముందు పాసైన టెస్ట్ తర్వాత ఆ మెషీన్‌లోంచి వచ్చిన లోడ్లన్నీ వెనక్కి తెప్పించాలి. మాకు అలా ఒక రాత్రి వచ్చింది. కొన్ని ప్యాకుల మీద లోడ్ నంబరు లేదు. ఏ లోడ్‌వో తేలక, తెల్లారేదాకా వార్డుల బీరువాలన్నీ ఖాళీ చేశాం.