గ్రూప్ ప్రజెంటేషన్‌కు ఒకే ఫైలు: ఆన్‌లైన్‌లో కలిసి పనిచేసే పద్ధతి

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతపు కళాశాలల్లో సెమినార్ పని చాలాసార్లు నలుగురైదుగురు విద్యార్థుల జట్టుకు పడుతుంది. వారిలో ఒకరు హాస్టల్లో ఉంటారు, ఒకరు డోన్ నుంచి రోజూ రైల్లో వచ్చిపోతారు, ఒకరికి ల్యాప్‌టాప్ ఉంటే మిగిలిన వారికి ఫోన్ మాత్రమే ఉంటుంది. ఇలాంటి జట్టు మొదట వాట్సాప్ గ్రూపు పెడుతుంది, ఆ తరువాత అందులోకి ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘అసలైన ఫైనల్’ అంటూ ఫైళ్లు పంపుకుంటుంది. చివరి రోజున ఎవరు దిద్దిన స్లైడు ఏ ఫైల్లో ఉందో తేల్చుకోవడానికే సగం రాత్రి గడిచిపోతుంది. ఈ చిక్కు పోవాలంటే కొత్త యాప్‌లు పది నేర్చుకోనక్కరలేదు. ఫైలు ఒక్కటే ఉండాలి, దిద్దవలసిన వారంతా దాని దగ్గరికే రావాలి.

అందుకు పాఠం రాసుకునే గూగుల్ డాక్స్, స్లైడ్లు తయారుచేసే గూగుల్ స్లైడ్స్ చాలు. జీమెయిల్ ఖాతా ఉన్న ఎవరికైనా ఇవి ఉచితంగా దొరుకుతాయి. మెయిల్, ఫొటోలు, ఆన్‌లైన్‌లో ఫైళ్లు దాచుకునే డ్రైవ్ అన్నిటికీ కలిపి 15 జీబీ స్థలం ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో బ్రౌజరులోనే పని జరుగుతుంది కానీ, ఫోన్‌లో దిద్దాలంటే డాక్స్, స్లైడ్స్ యాప్‌లు వేరువేరుగా దించుకోవాలి. సిగ్నల్ సరిగా అందని ఊళ్లలో ఉండేవారు ఆ ఫైలును ముందే ‘ఆఫ్‌లైన్’లో అందుబాటులో ఉంచుకుంటే, నెట్ లేనప్పుడు చేసిన మార్పులు నెట్ రాగానే అసలు ఫైల్లోకి చేరతాయి.

ఫైలు తెరిచిన వ్యక్తి ‘షేర్’ నొక్కి తోటివారి మెయిల్ చిరునామాలు చేర్చి, వారికి ‘ఎడిటర్’ హక్కు ఇవ్వాలి. అధ్యాపకులకు ‘కామెంటర్’ హక్కు ఇస్తే వారు పక్కన సూచన రాయగలరు, స్లైడు మాత్రం చెదరదు. హక్కు ఇవ్వకుండా ఉత్త లింకును వాట్సాప్‌లో పడేస్తే తెరవబోయిన వారికి అనుమతి అడగమనే సందేశం కనిపిస్తుంది, ఆ వేళకు ఫైలు యజమాని నిద్రలో ఉంటే పని తెల్లవారేదాకా ఆగుతుంది. కళాశాల ఇచ్చిన మెయిల్‌తో ఫైలు తెరిస్తే బయటి ఖాతాలకు పంచుకునే వీలు లేకపోవచ్చు, చదువు ముగిశాక ఆ ఖాతాతోపాటు ఫైలు కూడా పోవచ్చు. అందుచేత సొంత ఖాతాలో తెరవడమే మంచిది.

నేరుగా స్లైడ్లతో మొదలుపెట్టకూడదు. ఉదాహరణకు అంశం కె.సి. (కర్నూలు-కడప) కెనాల్ అనుకుందాం. సుంకేసుల వద్ద తుంగభద్ర నుంచి బయలుదేరే ఈ కాలువను పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ సాగునీటితోపాటు పడవల రాకపోకలకు కూడా ఉద్దేశించి తవ్వించింది. ఇందులో చరిత్ర, ఇంజనీరింగ్, నేటి ఆయకట్టు అనే మూడు భాగాలు సులువుగా కనిపిస్తాయి. ముందు ఒక డాక్‌లో ఈ మూడు శీర్షికలు రాసి, ఏ శీర్షిక ఎవరిదో దాని కిందే పేరు పెట్టాలి. సందేహం ఉన్న వాక్యాన్ని ఎంచుకుని కామెంట్‌లో @ గుర్తు పక్కన ఆ వ్యక్తి మెయిల్ రాస్తే వారికి నేరుగా కబురు అందుతుంది. అదే ప్రశ్న వాట్సాప్‌లో అడిగితే శుభోదయాల మధ్య కొట్టుకుపోతుంది. ఒకరు రాసినదాన్ని మరొకరు పొరపాటున చెరిపేస్తే ‘వర్షన్ హిస్టరీ’ తెరవాలి. అక్కడ ఎవరు ఎప్పుడు ఏం మార్చారో ఒక్కొక్కరికి ఒక్కో రంగులో కనిపిస్తుంది, పాత రూపాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు. నలుగురి మార్కులూ ఒక్కరే మోస్తున్న జట్టులో ఈ చిట్టా ఎంత పనికొస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, ప్రొజెక్టర్ మీద కాలువ గట్టు మసకగా కనిపిస్తుంది. డాక్యుమెంటుగా పంపాలి, లేదా డ్రైవ్‌లో ఒక ఫోల్డరు తెరిచి అందులో వేయాలి. రైతులను నాలుగు ప్రశ్నలు అడగవలసి వస్తే గూగుల్ ఫారం వాడవచ్చు, జవాబులు షీట్‌లో వరుసగా చేరతాయి. అయితే రైతు చేతికి లింకు ఇచ్చి ఊరుకోకుండా, విద్యార్థే పక్కన కూర్చుని అడిగి నింపితేనే సరైన జవాబులు వస్తాయి.

అసలు ఇబ్బంది తెలుగు అక్షరాల దగ్గర వస్తుంది. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్‌తో కొట్టించిన పాఠం యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా అక్షరాలను ఒకేలా గుర్తించే పద్ధతి) కాదు కాబట్టి, దాన్ని స్లైడ్స్‌లో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలు, అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. మార్చిపెట్టే సాధనాలు ఉన్నా ఒత్తులను ఒక్కొక్కటిగా సరిచూసుకోక తప్పదు. మొదటి నుంచీ ఫోన్‌లో గూగుల్ కీబోర్డు అయిన జీబోర్డుతో యూనికోడ్‌లో టైపు చేయడమే తక్కువ శ్రమ. నోటితో చెప్పి టైపు చేయించే సౌకర్యం కూడా తెలుగుకు ఉంది కానీ, ఊళ్ల పేర్లూ అంకెలూ దానికి పూర్తిగా వదిలేయకూడదు.

స్లైడ్స్‌లో ‘మోర్ ఫాంట్స్’ తెరిచి లిపిగా తెలుగును ఎంచుకుంటే మండలి, రామభద్ర, గురజాడ, శ్రీకృష్ణదేవరాయ వంటివి వస్తాయి. శీర్షికలకు బొద్దుగా ఉండే రామభద్ర, పాఠానికి మండలి బాగా నప్పుతాయి. వరుసల మధ్య ఎడం కాస్త పెంచాలి, లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. ఈ ఫైలును పవర్‌పాయింట్‌గా దించుకుని కళాశాల కంప్యూటర్‌లో తెరిస్తే, అక్కడ ఆ ఫాంట్లు లేనందువల్ల వేరే ఫాంటు వచ్చి చేరుతుంది, వాక్యాలు పెట్టె దాటి కిందికి జారతాయి. పీడీఎఫ్‌గా దించుకుంటే అక్షరాలు ఉన్నచోటే ఉంటాయి.

పోస్టర్లు, స్లైడ్లు అందంగా తయారుచేసే క్యాన్వాలోనూ నలుగురు కలిసి పనిచేయవచ్చు, దాని సొగసు ఎక్కువే. ఆ సొగసుల వెంట పడి విషయాన్ని వదిలేసే జట్లే ఎక్కువ కనుక, దాన్ని ఒక పటానికో పోస్టరుకో పరిమితం చేయడం మేలు. కిరీటం గుర్తున్న బొమ్మలు డబ్బు కట్టేవారికి మాత్రమే.

రిహార్సల్‌కు గూగుల్ మీట్ సరిపోతుంది. ముగ్గురు లేదా అంతకు మించి చేరితే ఉచిత ఖాతాలో 60 నిమిషాలు దొరుకుతాయి, జూమ్‌లో 40. ఎవరి భాగం వారు తమ నోటితో చెప్పి, ఒక స్లైడు నుంచి మరొకదానికి మాట ఎవరు అందిస్తారో అక్కడే తేల్చుకోవాలి. చెప్పవలసిన మాటలు స్లైడు మీద కాక కింద ఉండే ‘స్పీకర్ నోట్స్’లో రాసుకుంటే, చూసేవారికి పటం మాత్రమే కనిపిస్తుంది.

సెమినార్ రోజున హాలులో నెట్ ఉంటుందని నమ్ముకోకూడదు. పీడీఎఫ్‌ను పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఇద్దరి ఫోన్లలో ఒక్కొక్కటి ఉంచుకోవాలి. వీడియో ఉంటే అది పీడీఎఫ్‌లో ఆడదు కాబట్టి విడిగా దించి పెట్టుకోవాలి. మొదటి బృందం మాట్లాడకముందే హాలుకు వెళ్లి ఆ కంప్యూటర్‌లో ఫైలు ఒకసారి తెరిచి చూడాలి.