బైబిల్ స్టడీలో అందరూ నోరు విప్పాలంటే ఏం చేయాలి?

కూటానికి పదిహేను మంది వస్తారు. నడిపించేవారు మాట్లాడతారు, ఎప్పుడూ జవాబిచ్చే ఆ ఇద్దరే జవాబిస్తారు, మిగిలినవాళ్లు తెరిచిన బైబిల్లోకి తల వంచుకుని కూర్చుంటారు. చివర్లో "ఏమైనా సందేహాలున్నాయా?" అని అడిగితే నిశ్శబ్దం. ఇంకేముంది, ముగింపు ప్రార్థన.

ఇది చూసి మనవాళ్లకు వాక్యం మీద ఆసక్తి లేదనుకోవడం తేలిక. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఒకసారి నేను నడిపిన కూటాన్ని ఫోన్‌లో రికార్డు చేసుకుని విన్నాను. గంటలో దాదాపు యాభై నిమిషాలు నా గొంతే వినిపించింది. మిగతావాళ్లకు సందు దొరికితే కదా మాట్లాడటానికి! కాబట్టి మీరూ ముందు ఒక కూటాన్ని, అందరికీ చెప్పే సుమా, రికార్డు చేసి వినండి. ఆ తర్వాత ఇవి మొదలుపెట్టండి.

1. గుంపును చిన్నది చేయండి

పన్నెండు మంది దాటితే రెండుగా విడదీయండి. ఈ లెక్కకు ఒక పాత కథ ఉంది. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో, ప్రార్థనా మందిరం అప్పు తీర్చడానికి మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ సంఘం వాళ్లు సభ్యులను పన్నెండేసి మందిగా విడదీశారు. ఒక్కొక్కరి దగ్గర వారానికి ఒక పెన్నీ వసూలు చేసే పని ప్రతి జట్టులో ఒకరికి అప్పగించారు. డబ్బు కోసం ఇళ్లకు వెళ్లినవాళ్లకు ఆ ఇళ్లలో మనుషులు ఎలా బతుకుతున్నారో కనిపించింది. తర్వాత ఆ పన్నెండు మందీ వారానికోసారి ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం మొదలైంది. మెథడిస్టు ఉద్యమానికి వెన్నెముకగా నిలిచినవి ఆ చిన్న కూటాలే.

కుర్చీలు గుండ్రంగా వేయండి. వరుసల్లో కూర్చుంటే అందరికీ ముందువాళ్ల వీపులే కనిపిస్తాయి.

2. జవాబు ముందే తెలిసిపోయే ప్రశ్నలు మానేయండి

అసలు పని ఇక్కడే ఉంది. లూకా 15లో తప్పిపోయిన కుమారుడి కథ చదివి "తండ్రి ప్రేమ ఎలాంటిది?" అని అడిగితే "గొప్పది" అంటారు. అక్కడితో అయిపోయింది. అదే కథలో "పెద్ద కొడుకు కోపంలో న్యాయం ఏమైనా ఉందా?" అని అడిగి చూడండి. ఇంట్లో బాధ్యతలన్నీ మోసి ఎవరి మెప్పూ పొందనివాళ్లు మీ గుంపులో తప్పకుండా ఒకరైనా ఉంటారు. తిరిగొచ్చిన తమ్ముడికి తండ్రి చేసిన విందు చూసి అలిగి బయటే ఉండిపోయిన ఆ పెద్ద కొడుకు చివరికి లోపలికి వెళ్లాడో లేదో లూకా చెప్పలేదు. "మీరైతే వెళ్తారా?" అని అడగవచ్చు.

ప్రశ్నల వరుస కూడా ముఖ్యమే. మత్తయి 16లో యేసు ముందు "జనం నా గురించి ఏమనుకుంటున్నారు?" అని అడిగాడు. అది విన్నది చెబితే చాలు అన్నంత తేలిక, శిష్యులు తలా ఒకటి చెప్పారు. ఆ తర్వాతే "మరి మీరేమంటారు?" అన్నాడు. మనం చాలాసార్లు రెండో ప్రశ్నతోనే మొదలుపెట్టి అందరినీ టెన్షన్ పెడతాం. గంటకు నాలుగైదు ప్రశ్నలు చాలు, ముందే కాగితం మీద రాసుకోండి.

3. అడిగాక ఆగండి

అమెరికాలో సైన్సు తరగతులను గమనించిన మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో ఒక సంగతి బయటపెట్టారు. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను కూడా ఆగడం లేదు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, జవాబిచ్చేవాళ్లూ పెరిగారు. బైబిల్ స్టడీలో ఇంకా ఎక్కువే ఆగాలి, ఎందుకంటే అడుగుతున్నది జీవితం గురించి. మనసులో పది లెక్కపెట్టుకోండి. ఆ మౌనం మీకే భరించరానిదిగా ఉంటుంది, వాళ్లకు కాదు. మధ్యలో ప్రశ్నను మార్చి మళ్లీ అడగకండి, ఆలోచన తెగిపోతుంది.

4. మొహమాటస్తులకు దారి చూపండి

పదిమందిలో మాట్లాడలేనివారు పక్కవారితో మాట్లాడగలరు. అందుకే ముందు ఇద్దరిద్దరిని మూడు నిమిషాలు మాట్లాడుకోనివ్వండి. స్వీడిష్ పద్ధతి అని ఇంకొకటి ఉంది: వాక్యభాగం చదువుతూ, కొత్తగా వెలిగిన మాట పక్కన బల్బు, అర్థం కానిచోట ప్రశ్నార్థకం, తాను చేయాల్సింది తోచినచోట బాణం గుర్తు పెట్టుకోవాలి. తర్వాత ఎవరి గుర్తులు వాళ్లు చూపిస్తే సరి, జవాబు తప్పవుతుందన్న భయం ఉండదు.

అడగకుండా ఎవరి చేతా బిగ్గరగా చదివించవద్దు, ప్రార్థన చేయించవద్దు. చదవడం సరిగా రాదన్న సంగతి దాచుకోవడానికే వెనక కూర్చునేవాళ్లుంటారు.

5. ఎక్కువ మాట్లాడేవారి సంగతి

"మంచి మాట చెప్పారు బ్రదర్, ఇంకా మాట్లాడనివాళ్లు ఏమంటారో విందాం" అంటే చాలావరకు సరిపోతుంది. సరిపోకపోతే విడిగా పిలిచి, కొత్తవారిని మాట్లాడించే పనిని ఆయనకే అప్పగించండి. వినడానికి వేగిరపడాలి, మాట్లాడటానికి నిదానించాలి అన్న యాకోబు మాటను మాత్రం అందరిముందూ ఆయన మీదికి విసరకండి.

6. తప్పు జవాబు వస్తే

"అది కాదు" అన్నారంటే ఆ మనిషి మళ్లీ నెలల తరబడి నోరెత్తరు. "ఏ వచనం చూస్తే అలా అనిపించింది?" అని అడగండి. అందరూ కలిసి ఆ వచనం తిరగేస్తారు. పౌలు చెప్పినదాన్ని కూడా లేఖనాలతో సరిచూసుకున్న బెరయ ఊరివాళ్లను లూకా మెచ్చుకున్నాడు. మీకు తెలియనిది అడిగితే తెలియదనే చెప్పండి, వచ్చేవారం మరిచిపోకుండా జవాబు తీసుకురండి.

7. చెప్పిన మాట గది దాటకూడదు

ప్రార్థన విన్నపం పేరుతో ఒకరి ఇంటి గొడవ ఊరంతా తిరగడం మనం చూసిందే. ఒక్కసారి అలా జరిగితే పై ఆరు పనులూ వృథా. మొదటిరోజే ఈ నియమం చెప్పండి. పిల్లలకు హాని జరుగుతున్నా, ఎవరి ప్రాణానికైనా ప్రమాదమున్నా మాత్రం రహస్యం ఉంచలేమని కూడా అప్పుడే చెప్పేయండి.

8. టైముకి ముగించండి

త్రోయ అనే ఊళ్లో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తే ఐతుకు అనే కుర్రవాడు నిద్రలోకి జారి మూడో అంతస్తు కిటికీలోంచి పడిపోయాడు. పౌలు దిగివెళ్లి అతన్ని కౌగిలించుకుంటే ప్రాణం నిలిచింది. మనం అంత సాహసం చేయకపోవడమే మేలు.

ఇళ్లకు వెళ్లాక, ఆ రోజు విన్న విన్నపాలు ఒక పుస్తకంలో రాసుకోండి. వచ్చేవారం కూటం మొదలవకముందే, ఎప్పుడూ మాట్లాడని ఆవిడ దగ్గరికి వెళ్లి "అమ్మగారికి ఆపరేషన్ అన్నారు కదా, ఎలా ఉన్నారు?" అని అడగండి. ఆమె ఆ రోజు గుంపులో మాట్లాడకపోయినా ఫర్వాలేదు, ఆ తర్వాతి వారం చూడండి.