వానలు పట్టకముందే కొత్త డ్రైవర్లు చూపుకు పెట్టుకోవాల్సిన తర్ఫీదు

క్లచ్, గేర్లు నెలలో చేతికొస్తాయి. ప్రమాదం ఎటునుంచి వస్తుందో ముందే పసిగట్టే చూపు అంత తొందరగా రాదు. కొత్తవాళ్లు బానెట్ ముందరి కాస్త రోడ్డునే చూస్తుంటారు. ఈ లోపాన్ని ఇంట్లో స్క్రీన్ మీద రోడ్డు వీడియోలు చూస్తూనే చాలావరకు సరిదిద్దుకోవచ్చు. బ్రిటన్‌లో 2002 నుంచి లైసెన్సు పరీక్షలో ప్రమాదాన్ని ముందే పసిగట్టడం ఒక భాగం. 14 వీడియోలు చూపిస్తారు, ప్రమాదం తలెత్తడం మొదలవగానే గుర్తించి నొక్కితే ఎక్కువ మార్కులు.

యాక్సిడెంట్ల వీడియోలు చూడొద్దు. వాటిలో గుద్దుకునే క్షణమే కనబడుతుంది, మనకు కావాల్సింది దానికి ముందు ఐదు సెకన్లు. విశాఖలో మద్దిలపాలెం నుంచి మధురవాడ దాకా ఎవరో మామూలుగా నడుపుతుండగా డ్యాష్‌క్యామ్ (కారు ముందద్దం దగ్గర పెట్టే కెమెరా) తీసిన వీడియో చాలు. ఫోన్‌లో రోడ్డు అంచులు కనబడవు కాబట్టి ల్యాప్‌టాప్‌లో పెట్టండి. మధ్యలో ఆపి, స్క్రీన్ మూసేసి, ఏం చూశారో, ఏది కనబడకుండా ఉందో, ఇప్పుడేం చేస్తారో పైకి చెప్పండి. తర్వాత నడిపించి చూడండి. తప్పు చెప్పిన చోటికి మళ్లీ వెళ్లండి, నిజంగా బుర్రకెక్కేది అక్కడే. రోజుకు ఇరవై నిమిషాలు చాలు.

ఉదాహరణకు స్టాపులో ఆగిన ఆర్టీసీ బస్సునే తీసుకోండి. దిగినవాళ్లు బస్సు ముందునుంచే రోడ్డు దాటుతారు, మీకు కనబడరు. బస్సు కింద కాళ్లు కదులుతున్నాయేమో చూడండి. వేగం 20కి దించి, పాదం బ్రేక్ మీదకు తెచ్చి, పక్కన జాగా వదిలి దాటండి. ఆగి ఉన్న ఆటో ముందు చక్రం కుడికి తిరిగి ఉంటే అది కదలబోతోందనే అనుకోండి. డివైడర్ సందుల్లోంచి మనుషులు, రాంగ్ రూట్లో బైకులు వస్తాయని ముందే లెక్కేసుకోవాలి.

తొలి జల్లుకు రోడ్డు మీది ఆయిల్, దుమ్ము కలిసి టైర్లు జారతాయి. పొడి రోడ్డు మీద ముందు బండికి రెండు సెకన్ల దూరం ఉంచితే, తడిలో నాలుగు కావాలి. 60 వేగంలో అది దాదాపు 67 మీటర్లు. షీలానగర్, గాజువాక వైపు లారీలు చిమ్మే నీళ్లకు అద్దం ఒక్కసారిగా మసకబారుతుంది, వైపర్ ముందే వేసి ఉంచండి. రోడ్డు అంచు కనబడని నీళ్లలోకి దిగొద్దు.

వీడియో బ్రేక్ వేయడం నేర్పదు. బాగా గుర్తుపడుతున్నామన్న ధీమాతో వేగం పెంచితే ఇదంతా బూడిదలో పోసిన పన్నీరే. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) వచ్చాక పరీక్షకు ముందు కనీసం 30 రోజులుంటాయి. ఆ రోజుల్లో లైసెన్సున్న పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, రోడ్డు మీద కనబడేదంతా పైకి చెబుతూ నడపండి. మాట తడబడిందంటే వేగం మీ చూపును మించిందన్నమాట. వెంటనే 10 కిలోమీటర్లు తగ్గించండి.