పిల్లల కారు సీటుకి డబ్బు కట్టే ముందు ఒక చిన్న పరీక్ష

తిరుమల ఘాట్ రోడ్డులో ప్రతి మలుపుకీ పాప సీటు పక్కకి ఒరిగిపోతుంటే ఒక చేత్తో దాన్ని పట్టుకునే కూర్చునేదాన్ని. సీటు మంచిదే, మా కారుకే సరిపోలేదు. రెండోసారి తిరుపతిలో కొన్నప్పుడు డబ్బు కట్టకముందే షాపు బయట మా కారులో బిగించి చూశాం.

వెనక సీటు మీద పెట్టి, మోకాలితో గట్టిగా అదిమి బెల్టు లాగాలి. తర్వాత బెల్టు దూరే చోట పట్టుకుని అటూ ఇటూ కదపండి. 2.5 సెంటీమీటర్లకి మించి కదిలితే అది వద్దు. కొన్ని కార్లలో బెల్టు పొడవే చాలదు, ముఖ్యంగా బిడ్డ వెనక్కి చూసేలా పెట్టే సీట్లకి. ఇంటికొచ్చాక తెలిస్తే మళ్లీ మార్చుకోవడం పెద్ద టెన్షన్.

పాపని కూర్చోబెట్టి పట్టీలు బిగించాక, భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో మడవండి. మడత వేళ్లకి దొరికితే ఇంకా వదులుగా ఉన్నట్టే.

వయసు చూసి కొనకండి. లేబుల్ మీది బరువు, ఎత్తు చూడండి. లేబుల్ మీద ఆర్129 (పిల్లల కారు సీట్లకి ఉండే అంతర్జాతీయ భద్రతా ప్రమాణం) అని ఉన్న సీటైతే కనీసం 15 నెలలు దాటేదాకా వెనక్కి చూసేలాగే ఉంచాలి. ఆ తర్వాత కూడా సీటు పట్టినన్నాళ్లూ అలాగే ఉంచితే ఇంకా మంచిది. మేమూ అలాగే ఉంచాం.

ఒక్క జాగ్రత్త. ఎయిర్‌బ్యాగ్ ఆన్‌లో ఉన్న ముందు సీట్లో మాత్రం వెనక్కి చూసే సీటు పెట్టొద్దు. ఎంత గట్టిగా బిగించినా, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే బిడ్డ ప్రాణానికే ముప్పు.