సంశ్లేషణోష్ణాలతో చర్యోష్ణం లెక్క కట్టడం: బ్యూటేన్ దహనం

చర్యోష్ణం అంటే ఒక రసాయన చర్యలో వెలువడే లేదా గ్రహించే వేడి; వెలువడితే రుణ గుర్తు వేస్తాం. వంటగ్యాసులో ఉండే బ్యూటేన్‌నే తీసుకుందాం. ఒక మోల్ బ్యూటేన్ పూర్తిగా మండాలంటే ఆరున్నర మోల్‌ల ఆక్సిజన్ కావాలి. నాలుగు మోల్‌ల కార్బన్ డయాక్సైడ్, ఐదు మోల్‌ల నీరు వస్తాయి. సమీకరణాన్ని తుల్యం చేశాక ప్రతి పదార్థం పక్కనా ఘనమా, ద్రవమా, వాయువా అన్నది రాసుకోండి. అది రాయకుండా పట్టిక తెరవొద్దు.

ఒక మోల్ పదార్థం దాని మూలకాల నుంచి ఏర్పడే చర్యకు ఉండే చర్యోష్ణమే సంశ్లేషణోష్ణం. 298 కెల్విన్ వద్ద ప్రమాణ సంశ్లేషణోష్ణాలు, మోల్‌కు కిలోజౌళ్లలో: బ్యూటేన్ వాయువు −125.6, కార్బన్ డయాక్సైడ్ −393.5, ద్రవ నీరు −285.8, నీటి ఆవిరి −241.8. ఆక్సిజన్ వాయువు ప్రమాణ స్థితిలో ఉన్న మూలకం కాబట్టి సున్నా. మూలకం కదా అని ఓజోన్‌కీ సున్నా వేస్తే తప్పే, దానికి +142.7. కార్బన్‌లోనూ గ్రాఫైట్‌కే సున్నా, వజ్రానికి +1.9.

ఒక్కో విలువనూ దాని గుణకంతో గుణించి, క్రియాజన్యాల మొత్తంలోంచి క్రియాజనకాల మొత్తాన్ని తీసివేయాలి.

క్రియాజన్యాలు: 4 × (−393.5) + 5 × (−285.8) = −1574.0 − 1429.0 = −3003.0
క్రియాజనకాలు: −125.6 + 0 = −125.6
చర్యోష్ణం: −3003.0 − (−125.6) = −2877.4 కిలోజౌళ్లు

ఎక్కువమంది బోల్తా పడేది చివరి వరుసలోనే. బ్రాకెట్టు వదిలేస్తే −3128.6 వస్తుంది. చర్య ఏ దారిలో జరిగినా మొత్తం వేడి ఒకటేనన్న హెస్ నియమం ప్రకారం బ్యూటేన్‌ను ముందు మూలకాలుగా విడగొట్టినట్టు ఊహించుకోవచ్చు. అందుకు 125.6 ఖర్చవుతుంది కాబట్టి విడుదలయ్యే వేడి 3003 కంటే తగ్గాలే తప్ప పెరగకూడదు. దహనానికి జవాబు ధనాత్మకంగా వచ్చిందంటే తీసివేత తలకిందులైనట్టే.

ఇక స్థితి సంగతి. నీరు ఆవిరిగా పోతే 5 × (−241.8) = −1209.0, జవాబు −2657.4. ఐదు మోల్‌ల నీరు ఆవిరయ్యేందుకు మోల్‌కు 44 చొప్పున 220 కిలోజౌళ్లు పోయాయన్నమాట. పొయ్యి మీద జరిగేది ఇదే, కాబట్టి సిలిండరు లెక్కకు ఈ అంకే వాడాలి: ఒక మోల్ బ్యూటేన్ బరువైన 58.12 గ్రాములతో భాగిస్తే గ్రాముకు 45.7 కిలోజౌళ్లు, 14.2 కిలోలకు దాదాపు 650 మెగాజౌళ్లు. గ్యాసంతా బ్యూటేనే అనుకుంటేనే సుమా, నిజానికి అందులో ప్రొపేన్ కూడా ఉంటుంది.

భిన్నం ఎందుకని సమీకరణాన్ని రెట్టింపు చేస్తే ద్రవ నీటితో వచ్చే జవాబు −5754.8 అవుతుంది. అది రెండు మోల్‌ల బ్యూటేన్‌ది. పుస్తకాన్ని బట్టి దశాంశాలు కాస్త మారతాయి, అన్ని విలువలూ ఒకే పట్టికలోంచి తీసుకోండి.