ఫైటర్ చేప డల్‌గా ఉందా? మందుకన్నా ముందు నీళ్లు చూడండి

నెల్లూరు షాపుల్లో బెట్టా అంటే ఒక్కోసారి తెల్లమొహం వేస్తారు, ఫైటర్ అంటే వెంటనే తీసిస్తారు. మా ఇంట్లో పదిహేను లీటర్ల తొట్టిలో ఒక నీలం ఫైటర్ ఉన్నాడు. వాడితో పడ్డ తిప్పలే ఇవి.

తోక అంచు నల్లబడి చిరుగుతోంది

మావాడి తోక కాలిన కాగితంలా అయ్యేసరికి టెన్షన్ పడి మందు తెచ్చి పోశాను. తగ్గలేదు. కారణం అడుగున ఉంది: తినకుండా వదిలేసిన మేత, రెట్ట కుళ్లి అమ్మోనియా పుట్టింది. రొయ్యల చెరువులున్న మన జిల్లాలో ఏ రైతునడిగినా ముందు ఆ పేరే చెప్పేవాడు!

మూడు రోజులకోసారి సన్న పైపుతో అడుగు చెత్త లాగేస్తూ పావు వంతు నీళ్లు మార్చండి. మొత్తం పారబోయొద్దు. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కాకుండా, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. అమ్మోనియాను విరగ్గొట్టే బాక్టీరియా ఉండేది అందులోనే. రెండు వారాలకి అంచున పల్చగా, గాజులా కొత్త పొర కనిపించింది. అది కొత్త తోక. జబ్బనుకుని మళ్లీ మందు పోయబోయాను. నలుపు తోక మొదలుదాకా పాకితేనే మందు.

నీళ్లు మార్చిన రోజే రెక్కలు ముడిచి అడుగున పడుకుంది

కుళాయి నీళ్లయితే క్లోరిన్. యాంటీ క్లోరిన్ చుక్కలు కలిపి పోయండి. బోరు నీళ్లయితే బకెట్లో రాత్రంతా ఉంచండి. తొట్టిలో నీళ్ల వేడీ, కొత్తగా పోసే నీళ్ల వేడీ ఒకేలా ఉండాలి.

పైకొచ్చి గుటకలు వేస్తోంది

అప్పుడప్పుడూ అయితే మామూలే, ఫైటర్ గాలి కూడా పీలుస్తుంది. అందుకే మూతకీ నీళ్లకీ మధ్య ఖాళీ వదలాలి. పైనే వేలాడుతూ మొప్పలు గబగబా ఆడిస్తుంటే అమ్మోనియా, లేదా వేడి. 25 నుంచి 28 డిగ్రీలు దానికి హాయి. రోహిణి కార్తెలో తొట్టిని కిటికీ దగ్గర్నుంచి జరిపి, మూత తీసి జాలీ వేసి, ఫ్యాన్ గాలి తగలనివ్వండి. ఐసు ముక్కలు వేయొద్దు.

పొట్ట ఉబ్బి పక్కకి ఒరిగింది

ఎక్కువగా మేత తప్పే. రెండు రోజులు పస్తు పెట్టండి. తర్వాత పూటకి రెండు మూడు గింజలు చాలు. పొలుసులు కూడా నిక్కబొడుచుకుంటే మాత్రం బతకడం కష్టం.

నీళ్లమీద నురగ

జబ్బు కాదు, మగ చేప కట్టుకున్న గూడు. మా అమ్మ సబ్బు నురగనుకుని గరిటెతో తీసేసింది. మర్నాటికి మళ్లీ కట్టాడు.