జాన్ ద రిప్పర్‌తో సీపీయూ బెంచ్‌మార్క్: అంకె తేడాగా వస్తే ఎక్కడ చూడాలి

జాన్ ద రిప్పర్ అనేది పాస్‌వర్డ్‌ల బలం పరీక్షించడానికి వాటిని ఛేదించి చూసే సాఫ్ట్‌వేర్. దానికి టెస్ట్ ఆప్షన్ ఇచ్చి నడిపితే అది ఎవరి పాస్‌వర్డూ అడగదు. తనలోనే ఉన్న నమూనాలు తీసుకుని, ఒక్కో రకం హ్యాష్‌ను (పాస్‌వర్డ్‌ని గుర్తుపట్టలేనట్టు మార్చిన రూపం) సెకనుకు ఎన్నిసార్లు లెక్కకట్టగలదో చూసి సీ/ఎస్ అనే అంకె చెబుతుంది. ప్రాసెసర్ల సత్తా పోల్చడానికి చాలామంది దీన్ని వాడతారు, ఫొరోనిక్స్ టెస్ట్ సూట్ అనే బెంచ్‌మార్క్‌ల సంకలనంలో కూడా ఈ పరీక్ష ఉంది. అయితే ఆ అంకెలో ప్రాసెసర్‌తో పాటు బిల్డ్ (జాన్‌ని కంపైల్ చేసిన తీరు), ఫార్మాట్ (హ్యాష్ రకం), థ్రెడ్‌లు (ఒకేసారి నడిచే పని పాయలు), చివరికి గదిలో వేడి కూడా కలిసి ఉంటాయి. చిప్‌ని తిట్టుకునే ముందు వీటిని ఒక్కొక్కటిగా తీసేసి చూడాలి.

కొత్త మెషీన్ కొన్నా పాత స్పీడే వస్తోంది

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే సమస్య ఇదే. అంకె వైపు కాకుండా దాని పైన ఉన్న లైన్ వైపు చూడండి. డీఈఎస్‌క్రిప్ట్ (పాత యూనిక్స్ పాస్‌వర్డ్ హ్యాష్) పరీక్షలో ఫార్మాట్ పేరు పక్కన చదరపు బ్రాకెట్లలో 'డీఈఎస్ 128/128 ఎస్‌ఎస్‌ఈ2' అని ఉందా, 'డీఈఎస్ 256/256 ఏవీఎక్స్2' అని ఉందా? ఈ రెండూ సిమ్డ్, అంటే ఒకే ఆదేశంతో చాలా డేటాని నడిపే చిప్ సౌకర్యాలు; మొదటిది 128 బిట్లది, రెండోది 256 బిట్లది. జాన్ ఈ హ్యాష్‌ను బిట్‌స్లైస్ పద్ధతిలో చేస్తుంది. అంటే రిజిస్టర్‌లో (చిప్ లోపలి చిన్న నిల్వ) ఎన్ని బిట్లుంటే అన్ని పాస్‌వర్డ్‌లను ఒకేసారి నడిపిస్తుంది. మీ చిప్‌లో 256 బిట్ల రిజిస్టర్లున్నా, బిల్డ్ 128తోనే సరిపెట్టుకుంటే సగం వెడల్పు ఊరికే పోయినట్టే.

అందరి మెషీన్లలోనూ నడవాలని కొన్ని రెడీమేడ్ ప్యాకేజీలను పాత చిప్‌లకు సరిపోయేలా కంపైల్ చేస్తారు. లిస్ట్ ఆప్షన్‌కి బిల్డ్-ఇన్ఫో అని ఇస్తే జంబో వెర్షన్ (అదనపు ఫార్మాట్లున్న జాన్) తన బిల్డ్‌లో ఏ సిమ్డ్ ఉందో చెప్పేస్తుంది. అక్కడ ఎస్‌ఎస్‌ఈ2 కనబడితే సోర్స్ తెచ్చుకుని మీ మెషీన్‌లోనే కంపైల్ చేయండి. జంబోలో కాన్ఫిగర్ స్క్రిప్ట్ చిప్‌ని చూసుకుని తనే ఎంచుకుంటుంది. కోర్ వెర్షన్ అయితే మేక్‌కి ఏవీఎక్స్2 టార్గెట్ పేరు మీరే ఇవ్వాలి. రెండు మెషీన్లను పోల్చేటప్పుడు రెండింటిలోనూ ఒకే వెర్షన్, ఒకే కంపైలర్ ఉండాలి. లేకపోతే మీరు పోల్చేది కంపైలర్లని.

బీక్రిప్ట్ (కావాలనే నెమ్మదిగా నడిచేలా చేసిన పాస్‌వర్డ్ హ్యాష్) విషయంలో మాత్రం ఈ వెతుకులాట అక్కర్లేదు. అది ఒక్కో లెక్కకి 4 కేబీ పట్టిక పెట్టుకుని అందులో అటూ ఇటూ వెతుకుతూనే ఉంటుంది, కాబట్టి రిజిస్టర్ వెడల్పు కంటే ఎల్1 క్యాష్ (కోర్ పక్కనే ఉండే వేగమైన చిన్న మెమరీ) దానికి ముఖ్యం. అక్కడ '32/64 ఎక్స్3' లాంటిది కనిపించడం మామూలే.

రియల్‌కీ వర్చువల్‌కీ పొంతన లేదు

ప్రతి ఫలితంలో రెండు అంకెలుంటాయి. రియల్ అంటే గడియారం సమయం లెక్కన, వర్చువల్ అంటే సీపీయూ ఖర్చు చేసిన సమయం లెక్కన. ఒక్క థ్రెడ్‌తో నడిపితే రెండూ దాదాపు సమానంగా రావాలి. ఎక్కువ థ్రెడ్‌లతో నడిపితే వర్చువల్ చిన్నగానే ఉంటుంది, టెన్షన్ పడొద్దు, అన్ని థ్రెడ్‌ల సమయం అందులో కలిపేస్తారు. రియల్‌ని వర్చువల్‌తో భాగిస్తే జాన్‌కి నిజంగా ఎన్ని కోర్ల సమయం దక్కిందో తెలుస్తుంది. ఉదాహరణకు 8 థ్రెడ్‌లు పెట్టినప్పుడు రియల్ 8000, వర్చువల్ 1000 ఉంటే అంతా సవ్యమే. రియల్ 5000కి పడిపోయి వర్చువల్ 1000 దగ్గరే ఉంటే, మిగతా 3 కోర్ల సమయం ఇంకెవరో తినేస్తున్నారు. బ్రౌజర్, బ్యాకప్, యాంటీవైరస్, అప్‌డేట్: టాప్ కమాండ్‌లో దొంగ దొరుకుతాడు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఓపెన్‌ఎంపీ (పనిని థ్రెడ్‌లకు పంచే పద్ధతి) థ్రెడ్‌లు తోటి థ్రెడ్ పని ముగిసేదాకా కాసేపు ఖాళీగా తిరుగుతూ ఎదురుచూస్తాయి, ఆ తిరుగుడు కూడా సీపీయూ సమయంగానే లెక్కకొస్తుంది. అందుకే ఒక్క కోర్ మీద వేరే పని పడినా రెండు అంకెలూ కలిసి పడిపోయి, నిష్పత్తి మాత్రం బాగానే కనిపించొచ్చు. మెషీన్‌ని పూర్తిగా ఖాళీ చేయలేకపోతే థ్రెడ్‌ల సంఖ్య చెప్పే ఓఎంపీ_నమ్_థ్రెడ్స్ విలువని ఒకటి తగ్గించి మళ్లీ నడపండి. థ్రెడ్ తగ్గించాక స్పీడ్ పెరిగితే మీ అనుమానం నిజమే.

నడిపిన ప్రతిసారీ కొత్త అంకె

ల్యాప్‌టాప్‌లలో దీనికి కారణం దాదాపు ఎప్పుడూ వేడి, లేదా పవర్ లిమిట్. మొదటి కొన్ని సెకన్లు చిప్ టర్బోలో పరుగెత్తుతుంది, ఆ గడువు దాటాక కిందికి దిగుతుంది. ఒక్కో పరీక్షా ఒక సెకను పాటే జరిగితే కనిపించేది ఆ పరుగు మాత్రమే. టెస్ట్ ఆప్షన్ పక్కన సమానం గుర్తు పెట్టి సెకన్లు ఇవ్వొచ్చు. ఒకే ఫార్మాట్ ఎంచుకుని 60 ఇవ్వండి, ఇంకో విండోలో టర్బోస్టాట్ (లినక్స్‌లో చిప్ ఫ్రీక్వెన్సీ చూపే టూల్) పెట్టి ఫ్రీక్వెన్సీ ఎలా జారుతోందో చూడండి. మే నెలలో విజయవాడలో ఫ్యాన్ కింద తీసిన అంకెని, ఏసీ గదిలో తీసిన అంకెతో పోల్చి లాభం లేదు. ఛార్జర్ పెట్టే నడపండి.

లినక్స్‌లో గవర్నర్ (ఫ్రీక్వెన్సీని నిర్ణయించే సెట్టింగ్) పేరు 'పవర్‌సేవ్' అని కనబడగానే కంగారు పడేవాళ్లున్నారు. ఇంటెల్ చిప్‌ల ఫ్రీక్వెన్సీని చూసుకునే పీస్టేట్ డ్రైవర్ యాక్టివ్ మోడ్‌లో ఉంటే ఆ పేరున్నా పని పడగానే ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. క్లౌడ్ సర్వర్ అయితే టాప్‌లో స్టీల్ అంకె (మీ వంతు నుంచి ఇంకొకరికి పోయిన సీపీయూ సమయం) చూడండి. అది సున్నా కాకపోతే మీ కోర్ ఇంకొకరితో పంచుకున్నదే, అక్కడ బెంచ్‌మార్క్ అనవసరం.

కోర్లు పెరిగాయి, స్పీడ్ పెరగలేదు

ముందు ఫార్మాట్ చూడండి. రా-ఎండీ5, ఎన్‌టీ లాంటి వేగమైన హ్యాష్‌లకు జంబోలో ఓపెన్‌ఎంపీ మామూలుగా ఆపేసి ఉంటుంది. లైన్ చివర '8xఓఎంపీ' లాంటి మాట లేకపోతే నడిచింది ఒక్క థ్రెడ్డే. కోర్లన్నిటినీ పరీక్షించాలంటే బీక్రిప్ట్ తీసుకోండి.

ఓఎంపీ ఉన్నా పెరగకపోతే చిప్ రకం చూడాలి. ఇంటెల్ 12వ తరం నుంచి చాలా చిప్‌లలో పెద్ద కోర్లు, చిన్న కోర్లు కలిసి ఉన్నాయి. పనిని అన్ని థ్రెడ్‌లకూ సమానంగా పంచితే పెద్ద కోర్ తన వాటా ముగించి, చిన్న కోర్ కోసం కూర్చుంటుంది. ప్రోగ్రామ్ ఏ కోర్ల మీద నడవాలో చెప్పే టాస్క్‌సెట్‌తో జాన్‌ని పెద్ద కోర్ల మీదే కట్టిపడేసి ఒకసారి, అన్నిటి మీదా ఒకసారి నడిపి రెండూ రాసిపెట్టుకోండి. ఆర్గాన్2 లాంటి మెమరీ తినే ఫార్మాట్ మాత్రమే నెమ్మదిస్తే ర్యామ్ ఒకే స్టిక్ ఉండి మెమరీ దారి ఇరుకైందేమో చూడండి.

వేరేచోట చూసిన అంకెకి దరిదాపుల్లో లేదు

బీక్రిప్ట్ అయితే కాస్ట్ చూడండి. జాన్ పరీక్ష మామూలుగా కాస్ట్ 5తో, అంటే 32 ఐటరేషన్లతో జరుగుతుంది. కాస్ట్ ఒకటి పెరిగితే పని రెట్టింపవుతుంది, కాబట్టి కాస్ట్ 12 దగ్గర అదే చిప్ 128 రెట్లు నెమ్మది. డీఈఎస్‌క్రిప్ట్‌లో 'మెనీ సాల్ట్స్', 'ఓన్లీ వన్ సాల్ట్' అని రెండు వరుసలుంటాయి (సాల్ట్ అంటే హ్యాష్ చేసే ముందు పాస్‌వర్డ్‌కి కలిపే అదనపు అక్షరాలు), మొదటిదే ఎప్పుడూ పెద్దది. మీ రెండో వరుసని ఎదుటివాళ్ల మొదటి వరుసతో పోల్చి ఉంటారు. అంకె చివర కే ఉంటే వేలల్లో అని కూడా మరవొద్దు. రెండు మెషీన్ల పూర్తి ఫలితాలు ఫైళ్లలో ఉంటే, జాన్‌తో పాటే వచ్చే రెల్‌బెంచ్ అనే పెర్ల్ స్క్రిప్ట్ వాటిని సరిగ్గా జతచేసి నిష్పత్తులు చెబుతుంది. కంటితో పోల్చడం కంటే అదే నయం.

'ఫెయిల్డ్' అని ఆగిపోతోంది

స్పీడ్ లెక్కకి ముందు జాన్ తెలిసిన జవాబులతో సరిచూసుకుంటుంది, ఆ జవాబు తప్పితేనే ఈ మాట వస్తుంది. ప్రతిసారీ ఒకే ఫార్మాట్‌లో ఫెయిలైతే బిల్డ్‌ని అనుమానించండి. మేక్ క్లీన్ చేసి, వేరే కంపైలర్ వెర్షన్‌తో మళ్లీ కట్టండి. ఒకసారి ఒక చోట, ఇంకోసారి ఇంకో చోట ఫెయిలైతే హార్డ్‌వేర్. ఓవర్‌క్లాక్, అండర్‌వోల్ట్, ర్యామ్‌ని వేగంగా నడిపే ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ మూడూ తీసేసి, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్‌ని రాత్రంతా వదిలేయండి. అది సాఫీగా ముగిశాకే మళ్లీ స్పీడ్ సంగతి.